పంక్ బ్యాండ్ పెట్టిన స్నేహితులు ఎందుకు విడిపోతారు?

పంక్ అంటే వేగంగా, సూటిగా, హోరుగా సాగే ఒక రకం రాక్ సంగీతం. 1980లో వాషింగ్టన్ డీసీలో టీన్ ఐడిల్స్ అనే చిన్న పంక్ బ్యాండ్ విడిపోయింది. హైస్కూలు చదువు అటూఇటూగా ఉన్న నలుగురు కుర్రాళ్ళ బ్యాండ్ అది. నడిచింది దాదాపు ఏడాది. ఆ కాలంలో షోలకు వచ్చిన డబ్బు ఎవరి జేబులోకీ వెళ్ళలేదు, అంతా ఒకేచోట దాచారు. విడిపోయేనాటికి అది సుమారు 600 డాలర్లు అయింది. పంచుకుని ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు. వాళ్ళు అలా చేయకుండా, ఆ డబ్బుతో తమ పాటల్ని రికార్డుగా వేశారు. కవర్ల అట్టలు కూడా స్నేహితులే కూర్చుని కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అతికించారు. ఆ ఒక్క రికార్డు కోసం పుట్టిన డిస్కార్డ్ రికార్డ్స్ అమెరికా పంక్ చరిత్రలో చెప్పుకోదగ్గ లేబుల్ (రికార్డులు వేసే సంస్థ) అయింది. టీన్ ఐడిల్స్‌లో బేస్ వాయించిన ఇయాన్ మెకే, డ్రమ్స్ వాయించిన జెఫ్ నెల్సన్ ఆ వెంటనే మైనర్ త్రెట్ అనే ఇంకో బ్యాండ్ పెట్టారు. అదీ 1983లో ఆగిపోయింది. లేబుల్‌ను మాత్రం ఇద్దరూ కలిసే నడిపారు.

దీనికి పూర్తిగా ఎదురు కథ రమోన్స్‌ది. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో ఒకే పేట కుర్రాళ్ళు 1974లో పెట్టిన బ్యాండ్. 1996 వరకు 2,263 కచేరీలు చేశారు. 1980ల మొదట్లో గాయకుడు జోయీ ప్రేమించిన అమ్మాయి గిటారిస్టు జానీకి దగ్గరైంది, తర్వాత జానీని పెళ్ళి చేసుకుంది. అప్పటినుంచి ఆ ఇద్దరి మధ్య మాటలు దాదాపు నిలిచిపోయాయి. ఒకే వ్యాన్‌లో తిరిగారు, ఒకే వేదిక ఎక్కారు, ఏళ్ళ తరబడి. 2001లో జోయీ క్యాన్సర్‌తో చనిపోయేనాటికి కూడా రాజీ కుదరలేదు.

ఒక బ్యాండ్ పోయి స్నేహం మిగిలింది, ఇంకోచోట స్నేహం పోయి బ్యాండ్ మిగిలింది. ఇలాంటి తేడాను మనం మనుషుల స్వభావంలో వెతుకుతాం. ఒకరికి అహం ఎక్కువ, ఇంకొకరికి ఓపిక తక్కువ అంటాం. స్వభావానికి పాత్ర లేదని కాదు. కానీ టీనేజ్‌లో పంక్ బ్యాండ్ పెట్టినవాళ్ళ కథలు ఎన్ని చూసినా గొడవలు ఇంచుమించు ఒకే రకంగా, ఒకే చోట మొదలవుతాయి. అంటే కారణం మనుషుల్లోకంటే ఆ ఏర్పాటులోనే ఎక్కువ ఉంది.

ఆ ఏర్పాటు ఇది. చాలా సంగీతాల్లో బృందంలో చేరడానికి అర్హత విద్య. పంక్‌లో అర్హత స్నేహం. నీకు వాయించడం వచ్చా రాదా అని ఎవరూ అడగరు, నువ్వు మనవాడివా కాదా అన్నదే ప్రశ్న. పంక్‌లోని అందం అంతా ఇందులోనే ఉంది, ఆ తర్వాత వచ్చే కష్టం కూడా ఇందులోనే ఉంది. స్నేహం వల్లే లోపలికి వచ్చిన మనిషికి "నీ వాయిద్యం బాగాలేదు" అని చెబితే, ఆ మాట అతనికి వాయిద్యం గురించిన మాటలా వినపడదు. "నువ్వు నాకు అక్కర్లేదు" అన్నట్టే వినపడుతుంది.

ఈ అర్హత ఎలా మారిందో చూద్దాం. 1970ల మధ్యనాటికి రాక్ సంగీతం బాగా పెద్దదైపోయింది. పొడవాటి గిటార్ సోలోలు, ఖరీదైన కీబోర్డులు, స్టేడియంలు. అలా వాయించాలంటే ఏళ్ళ సాధన కావాలి, డబ్బు కావాలి. దానిమీద తిరుగుబాటుగా పంక్ వచ్చింది. రమోన్స్ మొదటి ఆల్బమ్ 1976లో వచ్చింది. 14 పాటలు, మొత్తం కలిపి అరగంట కూడా లేదు, ఖర్చు సుమారు 6,400 డాలర్లు. 1977లో ఇంగ్లండ్‌లో చేతులతో తయారుచేసిన ఒక చిన్న పత్రికలో మూడు గిటార్ కార్డుల (కలిపి ఒకేసారి మోగించే స్వరాల) బొమ్మలు వేసి, ఇక బ్యాండ్ పెట్టెయ్ అని రాశారు. ఆ పేజీ పంక్‌కి జెండాలా మారింది.

అది ఉత్త నినాదం కాదు, వాయించే పద్ధతిలో కూడా నిజమే. పంక్‌లో ఎక్కువగా వాడే పవర్ కార్డులో ఉండేవి ప్రధానంగా రెండే స్వరాలు. వేళ్ళను ఒక ఆకారంలో పెట్టడం వస్తే చాలు, అదే ఆకారాన్ని తీగల మీద పైకీ కిందికీ జరుపుతూ ఎన్నో పాటలు వాయించవచ్చు. శబ్దాన్ని ఆంప్‌లో (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టెలో) కొంచెం చీల్చినట్టు పెడితే ఆ రెండు స్వరాలతోనే గది నిండిపోతుంది. పద్నాలుగేళ్ళ పిల్లకు కూడా కొద్ది వారాల్లో పాట చేతికి వచ్చేస్తుంది. లండన్‌లో 1976లో మొదలైన ద స్లిట్స్ గాయని ఆరీ అప్ వయసు అప్పటికి పద్నాలుగే. 2021లో లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీలో వాయించిన వీడియోతో లోకానికి తెలిసిన ద లిండా లిండాస్‌లో డ్రమ్స్ వాయించిన అమ్మాయికి పదేళ్ళు. ఆ బ్యాండ్‌లో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు, వాళ్ళ చుట్టరికం అమ్మాయి ఒకరు, స్నేహితురాలు ఒకరు. బ్యాండ్ అంటే ఇలాగే పుడుతుంది, పక్కన ఎవరుంటే వాళ్ళతో.

ఇక మొదటి కొన్ని నెలలు ఆ స్నేహానికి స్వర్ణయుగం. కలిసి ఒకే లయలో కదిలినవాళ్ళు ఆ తర్వాత ఒకరికొకరు ఎక్కువ సహకరించుకుంటారని 2009లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు విల్టర్‌ముత్, హీత్ ప్రయోగాలతో చూపించారు. అడుగులు కలిపి నడవడం లాంటి చిన్న పనికే ఆ ప్రభావం కనిపించింది. మరి వారానికి రెండుసార్లు ఒక ఇరుకు గదిలో, చెవులు హోరెత్తేలా, ఒకే దరువుకు నలుగురూ ఊగిపోతే ఎంత దగ్గరవుతారో ఊహించవచ్చు. బడిలో ఎవరికీ పట్టని పిల్లలకు ఒక పేరు దొరుకుతుంది, ఒక జట్టు దొరుకుతుంది, తమ టీషర్టు మీద తమ గుర్తు ఉంటుంది. దీన్ని పెద్దలు సరదా వ్యాపకంగా చూస్తారు. ఆ పిల్లలకు అది తామెవరో చెప్పే ఆధారం. అందుకే తర్వాత అందులో వచ్చే ప్రతి పగులూ వాళ్ళకు అంత లోతుగా తగులుతుంది.

ఆరు నెలల తర్వాత

గొడవ మొదలయ్యే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే. అందరూ ఒకే వేగంతో నేర్చుకోరు.

ఒకరు ఇంటికెళ్ళి రోజూ రెండు గంటలు సాధన చేస్తారు. ఇంకొకరు ప్రాక్టీస్ రోజున మాత్రమే గిటార్ ముట్టుకుంటారు. ఇద్దరూ మొదలుపెట్టినప్పుడు సమానమే, కాబట్టి ఆ సమానత్వమే బ్యాండ్‌కి పునాది. ఆరు నెలలకు ఆ సమానత్వం మాటల్లోనే మిగులుతుంది. ఇది డ్రమ్స్ దగ్గర చాలా బాధాకరంగా బయటపడుతుంది. గిటారిస్టు ఒక స్వరం తప్పు కొడితే ఆ హోరులో కలిసిపోతుంది. డ్రమ్మర్ వేగం పెంచితే మిగతా ముగ్గురూ చచ్చినట్టు ఆ వేగానికి పరుగెత్తాలి, తగ్గిస్తే పాట మొత్తం జావగారిపోతుంది. పంక్ పాటల వేగం మామూలుగానే ఎక్కువ, అందులో దరువు జారితే దాచుకునే చోటే ఉండదు. కాబట్టి చాలా బ్యాండ్లలో మొదటి ఫిర్యాదు డ్రమ్మర్ మీద వస్తుంది. ఆ డ్రమ్మర్ సాధారణంగా గదిలో అందరికీ ఇష్టమైన స్నేహితుడు, లేదా ఎవరి ఇంట్లో డ్రమ్స్ ఉన్నాయో ఆ పిల్ల.

ఇప్పుడు ఆ మాట ఎలా చెప్పాలి? శాస్త్రీయ సంగీతంలో అయితే గురువు చెబుతారు. క్రికెట్ జట్టులో కోచ్ చెబుతాడు. వాళ్ళు చెబితే బాధ కలిగినా అది స్నేహానికి తగలదు. పంక్ బ్యాండ్‌లో ఆ పని స్నేహితుడే చేయాలి. టీనేజ్‌లో అది చేయగలిగే పిల్లలు చాలా తక్కువ. ఎక్కువమంది చెప్పకుండా వదిలేస్తారు. లోపల విసుగు పేరుకుంటుంది. ఆ డ్రమ్మర్ లేకుండా మిగతా ముగ్గురూ ఒక కొత్త చాట్ గ్రూప్ తెరుస్తారు. నా ఉద్దేశంలో బ్యాండ్ అప్పుడే విడిపోయింది, బయటికి తెలియడానికి కొన్ని నెలలు పడుతుంది, అంతే.

ఆ రెండో గ్రూప్ సంగతి బయటపడినప్పుడు కలిగే గాయాన్ని తక్కువ అంచనా వేయకూడదు. బృందం నుంచి వెలివేత ఎలా ఉంటుందో కొలవడానికి మనస్తత్వ పరిశోధకులు ఒక చిన్న కంప్యూటర్ ఆట వాడతారు. ముగ్గురు బంతి విసురుకుంటూ ఉంటారు, కాసేపటికి మిగతా ఇద్దరూ మీకు బంతి ఇవ్వడం మానేస్తారు. ఆ ఇద్దరు నిజమైన మనుషులు కూడా కాదు, ప్రోగ్రామ్ మాత్రమే. 2010లో లండన్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, ఈ ఆట తర్వాత టీనేజ్ అమ్మాయిల మనసు పెద్ద వయసు స్త్రీల మనసుకంటే ఎక్కువగా కుంగింది. ఎవరో తెలియనివాళ్ళు బొమ్మ బంతి ఇవ్వకపోతేనే అంత బాధ అయితే, ప్రాణ స్నేహితులు తన బ్యాండ్ నుంచే తనను తప్పించడం ఎలా ఉంటుంది?

దీనికి అద్దంపట్టే ఉదాహరణ లండన్ పంక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్. 1977 ఫిబ్రవరిలో పాటల రూపకల్పనలో పెద్ద చెయ్యి ఉన్న బేసిస్టు గ్లెన్ మాట్‌లాక్ బయటికి వెళ్ళాడు. అతని స్థానంలో గాయకుడు జాన్ లైడన్ స్నేహితుడు సిడ్ విషియస్ వచ్చాడు. సిడ్‌కి బేస్ సరిగా రాదు. అతను మా మనిషి, చూడడానికి పంక్ అంటే ఇలాగే ఉండాలి అన్నట్టు ఉంటాడు, అది చాలన్నారు. ఆల్బమ్‌లో బేస్ భాగాలు చాలావరకు గిటారిస్టు స్టీవ్ జోన్స్ వాయించాల్సి వచ్చింది. 1978 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో షో తర్వాత బ్యాండ్ ముక్కలైంది. 1979 ఫిబ్రవరిలో సిడ్ మాదకద్రవ్యాల వల్ల చనిపోయాడు, ఇరవై ఒక్క ఏళ్ళకే. అందరూ దీన్ని మత్తు కథగానే చెప్తారు. నాకు మాత్రం అందులో ఇంకోటి కూడా కనిపిస్తుంది. చేతకాని పనిలో స్నేహం పేరుతో ఒక కుర్రాణ్ణి నిలబెట్టి, ప్రపంచమంతా చూస్తుండగా వదిలేశారు.

నాయకుడు లేని చోట

"మాకు లీడర్ ఎవరూ లేరు, అందరం సమానం." కొత్త బ్యాండ్‌ని అడిగితే వచ్చే జవాబు ఇది, గర్వంగా చెప్తారు. పంక్ ఆత్మకు అది సరిగ్గా సరిపోయే మాట. అయితే స్త్రీవాద రచయిత్రి జో ఫ్రీమన్ 1970ల మొదట్లోనే, తమ ఉద్యమ బృందాల అనుభవంతో ఒక విషయం చెప్పింది. నిర్మాణం లేని బృందం అనేది ఉండదు. నియమాలు పైకి రాసుకోకపోతే అధికారం మాయమవదు, కనపడకుండా పోతుంది. అప్పుడు దాన్ని ప్రశ్నించడం ఇంకా కష్టం. ఆవిడ పంక్ గురించి రాయలేదు, కానీ టీనేజ్ బ్యాండ్‌కి ఇంతకంటే సరిగ్గా సరిపోయే మాట నేను చదవలేదు.

అధికారం ఎక్కడ దాక్కుంటుందో చూడండి. ప్రాక్టీస్ ఎవరి ఇంట్లో జరుగుతుందో వాళ్ళ అమ్మానాన్నల మూడ్‌ని బట్టి బ్యాండ్ టైమ్‌టేబుల్ నడుస్తుంది. ఆంప్ ఎవరిదో వాళ్ళు అలిగితే ఆ వారం ప్రాక్టీస్ లేదు. బ్యాండ్ ఖాతా పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో వాళ్ళే ఏ ఫోటో పెట్టాలో నిర్ణయిస్తారు, ఆ ఫోటోలో ఎవరు ముందు ఉంటారో కూడా. డ్రైవింగ్ వచ్చినవాళ్ళు లేకుండా షో లేదు. పాటలు రాసేవాళ్ళు మాట్లాడితే మిగతావాళ్ళు వింటారు. ఇవన్నీ అధికారాలే. కానీ "మేమందరం సమానం" అన్నాక వాటిని అధికారం అనడానికి వీల్లేదు.

కొందరు ఓట్లతో పరిష్కరిద్దాం అనుకుంటారు. నలుగురున్న బ్యాండ్‌లో ఇద్దరు ప్రాణ స్నేహితులు ఉంటే ఓటు వేయకముందే సగం తేలిపోతుంది. ప్రతిసారీ ముగ్గురు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు అయితే, ఆ ఒక్కరూ ప్రతిసారీ అదే మనిషి అయితే, లెక్క సరిగ్గానే ఉన్నా న్యాయం జరిగినట్టు కాదు. ఆ మనిషి కొన్నాళ్ళకు మాట్లాడడం మానేస్తాడు, మిగతావాళ్ళు దాన్ని ఒప్పుకోలు అనుకుంటారు.

పాట ఎవరిది?

డబ్బు గొడవలు పెద్ద బ్యాండ్లకే అనుకుంటారు. చిన్న బ్యాండ్లలో డబ్బు లేదు, కానీ గొడవకు కావలసినవన్నీ ఉంటాయి. టీషర్టులు అమ్మగా వచ్చిన కొంచెం, రికార్డింగ్‌కి ఒకరి తల్లిదండ్రులు ఇచ్చిన అప్పు, పాట కింద ఎవరి పేరు వేయాలన్న ప్రశ్న. ఈ చివరిదే అన్నింటికంటే ముదురుతుంది. దాని వెనక చట్టం పనిచేసే తీరు తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

చట్టం దృష్టిలో పాట వేరు, ఆ పాట రికార్డింగ్ వేరు. పాట అంటే ప్రధానంగా సాహిత్యం, బాణీ. వాటిని కట్టినవాళ్ళు రచయితలు. ఆ పాటను ఎవరు వాయించినా, ఎక్కడ వినిపించినా రచయితకు వాటా వస్తుంది. రికార్డింగ్‌కి వేరే హక్కు, వేరే డబ్బు. డ్రమ్మర్ వేసిన దరువు వల్లే ఆ పాటకు ప్రాణం వచ్చి ఉండొచ్చు, అయినా మామూలుగా దాన్ని రచనగా లెక్కించరు. అంటే ప్రాక్టీస్ గదిలో నలుగురు మూడు నెలలు కలిసి చెక్కిన పాట, కాగితం మీదికి వచ్చేసరికి ఒక్కరిది అయిపోతుంది. పదహారేళ్ళ పిల్లలకు ఈ తేడా ఎవరూ చెప్పరు. వాళ్ళకు తెలిసేసరికి పాట ఎక్కడో అప్‌లోడ్ అయి, కింద ఒకే పేరు ఉంటుంది.

రమోన్స్ మొదటి ఆల్బమ్‌లో సొంత పాటలను బ్యాండ్ పేరు మీదే వేశారు, ఏ పాట ఎవరు రాసినా. ఇది అన్ని బ్యాండ్లకూ సరిపోతుందని చెప్పలేను, ఎందుకంటే ఒక్కరే అన్నీ రాసే చోట వాళ్ళకు అన్యాయం జరుగుతుంది. కానీ టీనేజ్ బ్యాండ్‌కి, మొదటి రికార్డుకి, నన్నడిగితే ఇదే మంచిది. ఆ వయసులో పోయే కొద్దిపాటి డబ్బుకంటే దక్కే నమ్మకం విలువైనది.

రాసుకోకపోతే ఏమవుతుందో డెడ్ కెన్నెడీస్ అనే అమెరికా పంక్ బ్యాండ్ కథ చెబుతుంది. బ్యాండ్ 1986లోనే ఆగిపోయింది. రాయల్టీ లెక్కల మీద మిగతా సభ్యులు గాయకుడు జెల్లో బియాఫ్రా మీద కోర్టుకు వెళ్ళారు, 2000లో జ్యూరీ వాళ్ళ పక్షాన తీర్పు ఇచ్చింది. రాసుకున్నా గొడవ రాదని హామీ లేదు. సెక్స్ పిస్టల్స్ సభ్యులు 1998లో మెజారిటీ ఎటు ఉంటే అటు అని ఒప్పందం చేసుకున్నారు. బ్యాండ్ గురించి తీస్తున్న ఒక టీవీ సిరీస్‌లో పాటలు వాడడానికి లైడన్ ఒప్పుకోలేదు. చిన్నప్పటి స్నేహితులైన స్టీవ్ జోన్స్, పాల్ కుక్ కోర్టుకు వెళ్ళారు, 2021 ఆగస్టులో లండన్ హైకోర్టు వాళ్ళకే అనుకూలంగా చెప్పింది. తేడా ఏమిటంటే, ఇక్కడ కోర్టుకు చూడడానికి ఒక కాగితం ఉంది. కాగితం స్నేహాన్ని కాపాడదు, కానీ ఎవరేం అన్నారన్న వాదనను మాత్రం ఆపుతుంది.

సిద్ధాంతం మీద గొడవ

పంక్‌కి మాత్రమే ఉన్న ఇంకో ఇబ్బంది, అందులో అభిప్రాయభేదం చాలా త్వరగా ద్రోహం అయిపోతుంది. పెద్ద కంపెనీకి సంతకం చేస్తే "అమ్ముడుపోయారు" అంటారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 924 గిల్‌మన్ స్ట్రీట్ అనే హాల్ 1986 చివర్లో తెరిచారు. అన్ని వయసుల పిల్లలూ రావచ్చు, నడిపేది వాలంటీర్లు, మద్యం, హింస, జాతివివక్ష లోపలికి రావు. గ్రీన్ డే అనే బ్యాండ్ అక్కడే పెరిగింది. అందులో బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్, మైక్ డర్న్ట్ పదేళ్ళ వయసు నుంచి స్నేహితులు. 1993లో వాళ్ళు పెద్ద లేబుల్‌తో ఒప్పందం చేసుకున్నాక గిల్‌మన్ నియమం ప్రకారం అక్కడ వాయించే అవకాశం పోయింది. మరుసటి ఏడాది వచ్చిన ఆల్బమ్ ఒక్క అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడైంది. ఆ హాల్‌లో మళ్ళీ వాయించింది 2015లో, ఒక సహాయ కచేరీ కోసం.

ఆ నియమం పెట్టినవాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. చిన్న చోటును డబ్బు మింగకుండా కాపాడాలంటే అలాంటి గట్టి గీత కావాలి. కానీ అదే గీతను ఒక బ్యాండ్ లోపల, నలుగురు పిల్లల మధ్య గీస్తే ఫలితం వేరు. ఒకరు పాట కొంచెం మెలోడీగా ఉండాలి అంటారు, ఇంకొకరికి అది పంక్‌కి మోసం. మైనర్ త్రెట్ కూడా సంగీతం ఏ దారిన వెళ్ళాలి అన్న తేడాల మీదే ఆగిపోయింది. అభిరుచిలో తేడాను గుణంలో లోపంగా మాట్లాడడం మొదలైతే ఇక చర్చకు చోటు ఉండదు.

ఈ సందర్భంలో ఇయాన్ మెకే, హెన్రీ రోలిన్స్ స్నేహం గుర్తుకొస్తుంది. ఇద్దరూ వాషింగ్టన్‌లో చిన్నప్పటి నుంచి స్నేహితులు. రోలిన్స్ టీన్ ఐడిల్స్‌కి సామాన్లు మోసి సాయం చేశాడు, తన మొదటి రికార్డు డిస్కార్డ్‌లోనే తెచ్చాడు, 1981లో బ్లాక్ ఫ్లాగ్ అనే బ్యాండ్‌లో గాయకుడిగా చేరి కాలిఫోర్నియా వెళ్ళిపోయాడు. పంక్ చరిత్రలోని గట్టి స్నేహాల్లో అదొకటి, దశాబ్దాలు నిలిచింది. పేరున్న ఏ బ్యాండ్‌లోనూ ఇద్దరూ కలిసి సభ్యులుగా లేరు.

ఏం చేయవచ్చు

ముందు, విమర్శను స్నేహితుడి నోటినుంచి తప్పించాలి. ప్రాక్టీస్‌ను ఫోన్‌లో రికార్డు చేసి మరుసటి రోజు అందరూ కలిసి వింటే, ఎవరి దరువు ఎక్కడ జారిందో ఎవరూ చెప్పనక్కర్లేదు, వాళ్ళకే తెలుస్తుంది. మెట్రోనోమ్ (ఒకే వేగంతో టిక్‌టిక్ కొట్టే లయ యంత్రం) పెట్టుకోవడం పంక్ కాదని కొందరు అనుకుంటారు. నా మటుకు నాకు, నలుగురు కలిసి ఒకరిని నిలదీయడంకంటే ఆ యంత్రం చేత చెప్పించుకోవడమే నయం.

పాటల మీద పేర్లు, డబ్బు, బ్యాండ్ పేరు ఎవరి దగ్గర ఉంటుంది అన్న సంగతులు ఒక పేజీలో రాసుకోవాలి. అదీ అందరూ సంతోషంగా ఉన్నప్పుడే, మొదటి షోకి ముందు. గొడవ వచ్చాక రాయడం కుదరదు. అప్పుడు ప్రతి వాక్యం ఎవరో ఒకరి మీద ఆరోపణలా ఉంటుంది. ఇంకా, బ్యాండ్ మాట ఎత్తని సమయం కూడా ఆ నలుగురికీ కలిసి ఉండాలి. కలిసిన ప్రతిసారీ అది మీటింగే అయితే, స్నేహం ఏ పనీ లేకుండా కూర్చోవడం మర్చిపోతుంది.

ఎవరినైనా తప్పించాల్సి వస్తే ఎదురుగా కూర్చుని చెప్పాలి, మెసేజ్‌లో కాదు. ఒక్కరే చెప్పాలి, అదీ ఆ మనిషికి అందరికంటే దగ్గరైనవాళ్ళు. మొత్తం బ్యాండ్ వరసగా కూర్చుంటే అది విచారణలా ఉంటుంది. అతను పనిచేసిన పాటల్లో అతని పేరు అలాగే ఉంటుందని ఆ రోజే చెప్పాలి. లండన్ పంక్ బ్యాండ్ ద క్లాష్ 1983లో గిటారిస్టు మిక్ జోన్స్‌ను పంపేసింది, గాయకుడు జో స్ట్రమ్మర్ తర్వాత చాలా ఏళ్ళు దాని గురించి బాధపడ్డాడు. 2002 నవంబరులో లండన్‌లో సమ్మెలో ఉన్న అగ్నిమాపక సిబ్బంది కోసం స్ట్రమ్మర్ కచేరీ చేస్తుంటే జోన్స్ వేదిక ఎక్కి గిటార్ అందుకున్నాడు. దాదాపు రెండు దశాబ్దాల తర్వాత ఇద్దరూ ఒకే వేదిక మీద వాయించారు. నెలన్నర తిరక్కుండానే, డిసెంబరు 22న స్ట్రమ్మర్ చనిపోయాడు. సయోధ్యకు అంత కాలం పట్టకుండా ఉండాల్సింది.

చదువుల కోసం వెళ్ళిపోయేవాళ్ళ విషయం వేరు, అక్కడ తప్పు ఎవరిదీ కాదు. గ్రీన్ డే మొదటి డ్రమ్మర్లలో ఒకడైన జాన్ కిఫ్‌మెయర్ 1990లో కాలేజీకి వెళ్ళిపోయాడు, ట్రే కూల్ వచ్చాడు. కాలిఫోర్నియాలో డిసెండెంట్స్ అనే బ్యాండ్ దీన్ని ఇంకా బాగా చేసింది. గాయకుడు మైలో ఆకర్‌మన్ జీవశాస్త్రం చదవడానికి వెళ్తుంటే, 1982లో తెచ్చిన ఆల్బమ్‌కి మైలో కాలేజీకి వెళ్తున్నాడు అనే పేరు పెట్టారు. దాచలేదు, అలగలేదు. అతను లేనప్పుడు డ్రమ్మర్ బిల్ స్టీవెన్సన్ బ్లాక్ ఫ్లాగ్‌లో వాయించాడు. మైలో తిరిగి వచ్చినప్పుడు మళ్ళీ కలిసి రికార్డులు చేశారు, 1987లో అతను పరిశోధన కోసం మళ్ళీ వెళ్తే మిగతావాళ్ళు ఆల్ అనే ఇంకో పేరుతో ఇంకో గాయకుడితో నడిపారు. డిసెండెంట్స్ అన్న పేరును మైలో కోసం పక్కన పెట్టారు. 1996లో అతను వచ్చాక ఆ పేరుతోనే మళ్ళీ ఆల్బమ్ చేశారు.